కోత పండుగలో మోగిన డప్పు



పోయిన కోత పండుగ నాడు మన మందిరంలో జరిగిన సంగతి మీలో చాలామంది చూశారు. చూడనివారు విన్నారు. ఎవరికి తోచినట్టు వారు చెప్పుకుంటున్నారు. ఇన్నాళ్ళూ మేము మౌనంగా ఉన్నాము. ఆ మౌనంలో చదివినది, పెద్దలను అడిగి తెలుసుకున్నది ఈ రోజు మీ ముందు పెడుతున్నాము.

ఆ రోజు కానుకలు పట్టుకొని జనం వాకిట్లో వరుస కట్టారు. మా చిన్నతనంలో ఆ వరుసలో జొన్న కంకులు, వడ్ల మూటలు, గుమ్మడికాయలు, కోళ్ళు ఉండేవి. ఇప్పుడు కిరాణా కొట్టులో కొన్న బియ్యం సంచులు, నూనె ప్యాకెట్లు, కవర్లలో పెట్టిన నోట్లు ఎక్కువ. పొలమే లేనివాడు కోత ఎక్కడి నుంచి తెస్తాడు? అయినా వరుస తగ్గలేదు, అందుకు దేవునికి స్తోత్రం. విమానాశ్రయంలో ట్రాలీలు నెట్టే పని చేసే మన యువకుడొకడు ఆ వరుస ముందు నిలబడి, సంచిలోంచి డప్పు తీసి వాయించడం మొదలుపెట్టాడు. పిల్లలు కేకలు వేశారు. అక్కలు, చెల్లెళ్ళు చప్పట్లు కలిపారు. పైన దిగుతున్న విమానం మోత కూడా ఆ చప్పుడులో కలిసిపోయింది. సరిగ్గా అప్పుడే ముందు వరుసలో కూర్చున్న మన పెద్దాయన, ఎనభై దాటినవారు, భుజం మీది తువ్వాలు సర్దుకొని, కర్ర అందుకొని, ఎవరితో ఏమీ అనకుండా బయటికి వెళ్ళిపోయారు. ఆ రోజు ప్రభువు బల్లకు కూడా రాలేదు.

కొందరు యువకులు, "పాతకాలం మనిషి, ఆయనకు ఇవన్నీ నచ్చవు" అన్నారు. కొందరు పెద్దలు, "అన్యుల వాద్యం మందిరంలోకి తెచ్చారు, ఆయన లేచిపోవడమే న్యాయం" అన్నారు. రెండు మాటలూ తప్పని తెలుసుకోవడానికి మాకు రెండు రోజులు పట్టింది.

మూడో రోజు సాయంత్రం మేము వారి ఇంటికి వెళ్ళాము. అరుగు మీద కూర్చోబెట్టి, చాయ తాగించి, చాలాసేపటికి ఆయనే మాట్లాడారు.

"అయ్యగారూ, నాకు పాట మీద కోపం లేదు. ఆ పిలగాని మీద అసలే లేదు. ఆ సప్పుడు ఇంటే మా నాయిన యాదికొస్తడు."

వారి తండ్రి బాప్తిస్మం తీసుకున్న ఏడాది ఊరి జాతర వచ్చింది. ఎప్పటిలాగే డప్పు కొట్టడానికి కబురు వచ్చింది. ఆయన పోలేదు. రెండోసారి కబురు వచ్చింది. అప్పుడూ పోలేదు. మూడోసారి మనుషులే వచ్చారు. ఆ రాత్రి తిన్న దెబ్బలు, ఆ ఏడాది కళ్ళంలో ఆగిపోయిన గింజలు, బావి దగ్గర ఆగిపోయిన నీళ్ళు, అన్నీ ఆ పెద్దాయన పసివాడిగా కళ్ళారా చూశారు. తండ్రి ఆ డప్పును దూలానికి వేలాడదీశాడు. మళ్ళీ దింపలేదు. తోలును ఎలుకలు కొరికేశాయి. కొడుకు ఒకనాడు దాన్ని ముట్టుకోబోతే ఆయన అన్న మాట ఇది: "అది మోగితే మల్ల పిలుస్తరు బిడ్డా."

ప్రియులారా, ఆ మాట విన్నాక మాకు నిద్ర పట్టలేదు. ఒక చప్పుడు ఒకే మందిరంలో ఒకరికి పండుగ ఎలా అయింది, మరొకరికి గాయం ఎలా అయింది? పాటకు, వాద్యానికి మన గుండెను పట్టుకొనే ఆ బలం ఎక్కడి నుంచి వస్తుంది? ఈ ప్రశ్న పట్టుకొని మన పాటల చరిత్రలోకి వెళ్ళాము. మీరూ మాతో రండి.

కీర్తనల మీద రాసి ఉన్న రాగాలు

ముందుగా మన చేతిలో ఉన్న పరిశుద్ధ గ్రంథం తెరవండి. కీర్తనలు చదివేటప్పుడు మనలో చాలామంది పైన ఉన్న చిన్న అక్షరాలను దాటేసి మొదటి వచనానికి పోతాము. ఆ చిన్న అక్షరాల్లో ఎంతో చరిత్ర ఉంది. 22వ కీర్తన పైన ఒక హెబ్రీ రాగం పేరు ఉంది. దాని అర్థం "ఉదయకాలపు లేడి". సిలువ మీద మన ప్రభువు నోట పలికిన ఆ వేదన కీర్తనను ఇశ్రాయేలీయులు తెల్లవారుజామున కొండల్లో పరుగెత్తే లేడి పేరున్న రాగంలో పాడుకున్నారు. 8, 81, 84 కీర్తనల పైన "గిత్తీత్" అనే మాట ఉంది. అది గాతు పట్టణం నుంచి వచ్చిన వాద్యమో రాగమో అని కొందరు పండితులు అంటారు. ద్రాక్షగానుగ దగ్గర పాడుకొనే వరుస అని మరికొందరు అంటారు. క్రీస్తుకు ముందే హెబ్రీ లేఖనాలను గ్రీకు భాషలోకి మార్చినవారు దాన్ని ద్రాక్షగానుగలకు సంబంధించిన మాటగానే అర్థం చేసుకున్నారు.

ఈ రెండో అర్థం సరైనదైతే ఒక్కసారి ఊహించండి. పండ్ల కోత కాలంలో గానుగ తొట్టిలో దిగి కాళ్ళతో ద్రాక్ష తొక్కే కూలివాళ్ళు అలుపు తెలియకుండా పాడుకొనే వరుస యెరూషలేము మందిరంలోకి నడిచి వచ్చింది. లేవీయులు దాన్ని తోసివేయలేదు. హైదరాబాదు చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష తోటల్లో కూలికి వెళ్ళిన తల్లులు మన సంఘంలో ఇంకా ఉన్నారు. వారికి ఈ సంగతి వేరే విడమరచి చెప్పనక్కరలేదు.

అలాగే 137వ కీర్తన. బబులోనుకు చెరపట్టబడిన జనం అక్కడి నదుల ఒడ్డున కూర్చొని ఏడ్చారు. వాద్యాలను చెట్లకు తగిలించారు. చెరపట్టినవారు వచ్చి, మీ దేశపు పాట ఒకటి పాడి మమ్మల్ని సంతోషపెట్టండి అన్నారు. వీళ్ళు పాడలేకపోయారు. ఇన్నేళ్ళ సేవలో ఎన్నోసార్లు ఆ కీర్తన చదివాము, ప్రసంగించాము. కానీ చెట్టుకు తగిలించిన ఆ వాద్యం, మన పెద్దాయన తండ్రి దూలానికి తగిలించిన డప్పు ఒకటేనని ఆ అరుగు మీద కూర్చున్నప్పుడే మాకు తెలిసింది. బలవంతం చేసినవాడి ముచ్చట కోసం వాయించకపోవడం కూడా ఒక ఆరాధనే.

చెరసాలలో పుట్టిన పాటల పుస్తకం

మన షంషాబాదు ప్రాంతపు సంఘ చరిత్ర తెలిసినవారికి మెన్నొనైట్ బ్రదరెన్ అనే పేరు కొత్త కాదు. ఇక్కడ వారి బైబిలు కళాశాల ఉంది. ఆ సంఘం 1860లో నాటి రష్యా సామ్రాజ్యంలో, ఇప్పటి ఉక్రెయిన్ నేల మీద పుట్టింది. అక్కడి నుంచి అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు 1890 ప్రాంతంలో నల్లగొండకు సేవకు వచ్చారు. 1899లో అమెరికా నుంచి ఎన్.ఎన్. హీబర్ట్ గారు హైదరాబాదు వచ్చారు. తరువాత వారి సేవ పాలమూరు పల్లెల్లోకి, మన వైపుకు విస్తరించింది. గోధుమ పొలాల రైతుబిడ్డలు జొన్న చేల మధ్యకు వచ్చి సువార్త చెప్పారు.

వారి మూలాలు పదహారో శతాబ్దపు అనాబాప్టిస్టుల దగ్గర ఉన్నాయి. ఆ అనాబాప్టిస్టులు చిన్నపిల్లల బాప్తిస్మాన్ని ఒప్పుకోలేదు, కత్తి పట్టలేదు. అందుకని అటు కతోలిక రాజులూ ఇటు ప్రొటెస్టంటు పాలకులూ వారిని తరిమారు. 1535 నుంచి 1540 మధ్య వారిలో కొందరు జర్మనీలోని పాస్సౌ పట్టణపు కోటలో ఖైదీలుగా ఉన్నారు. ఆ కోట చీకటి గదుల్లో వాళ్ళు పాటలు కట్టారు. 1564లో ఆ పాటలు అచ్చయ్యాయి. తరువాత వాటికి మరికొన్ని చేరి "ఔస్‌బుండ్" అనే పాటల పుస్తకం అయింది. అమెరికాలోని ఆమిష్ సంఘాలు నేటికీ ఆ పుస్తకం నుంచే పాడుకుంటాయి. నాలుగున్నర శతాబ్దాలుగా ఇంతగా వాడుకలో ఉన్న క్రైస్తవ పాటల పుస్తకం మరొకటి అరుదు.

ఆమిష్‌వారు ఆ పాటలు పాడే తీరు చాలా నెమ్మది. ఒక్క పాటకు ఇరవై నిమిషాలు పట్టడం మామూలే. వాద్యం ఉండదు. తొందర ఉండదు. చెరసాలలో ఉన్నవాడికి తొందర ఎందుకు? ఎక్కడికి పోవాలి? పాట పుట్టిన గదిని విడిచి ఎన్ని తరాలైనా ఆ గది నెమ్మది మాత్రం పాటలో మిగిలిపోయిందని మాకు అనిపిస్తుంది. ఎవరు కట్టిన పాట అయినా అది పుట్టిన చోటు దాని ఊపిరిలో ఉంటుంది. అది తెలియకపోయినా మనం పాడుతాము. తెలిసి పాడితే మోకాళ్ళు వంగుతాయి.

పురుషోత్తమ చౌదరి గారి చెవి

ఇక మన తెలుగు నేల మీదికి వద్దాము. మన మందిరంలో అరలో ఉన్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే చాలా పాటల పైన రాగం పేరు, తాళం పేరు కనిపిస్తాయి. మా అమ్మమ్మకు చదువు రాదు, అయినా పాట నంబరు చెబితే చాలు, ఎత్తుకొనేది. పైన ఉన్న రాగం పేరేమిటో ఆమెకు తెలియదు. మాకూ సెమినరీలో డిప్లొమా చదివే రోజుల దాకా తెలియదు. లూథరన్లు, బాప్టిస్టులు, సౌత్ ఇండియా సంఘంవారు, ఇంకా ఎందరో ఆ పాటలు కలిసి పాడుకుంటారు. వేదాంతంలో కలవనివాళ్ళం రాగంలో కలిశాము.

ఆ పుస్తకంలో పెద్ద పేరు పురుషోత్తమ చౌదరి గారిది. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలోని మదనాపురంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. వంశం బెంగాలు నుంచి వచ్చింది, పెరిగిన చోట తెలుగు ఉంది. 1833లో బాప్తిస్మం తీసుకున్నారు. అప్పటి నుంచి 1890లో ప్రభువు పిలుపు అందుకొనేదాకా గంజాం, శ్రీకాకుళం వైపు ఊరూరా తిరిగి బోధించారు, నూటికి పైగా కీర్తనలు రాశారు.

ఆయన కావాలంటే ఇంగ్లీషు పాటల వరుసలకే తెలుగు మాటలు అతికించవచ్చు. అప్పుడు చాలామంది చేసింది అదే. ఇంగ్లీషు వరుసలో పెద్ద దెబ్బ పడే చోట తెలుగు పదంలో బలం ఉండదు. పదం విరిగిపోతుంది, భావం పారిపోతుంది. చౌదరి గారు తాను పుట్టిన ఇంటి చెవితో విన్నారు. పద్యం, పురాణ పఠనం, భజన కూటమి, కర్ణాటక రాగం, ఇవి ఆయన పసితనపు గాలి. ఆ గాలిలోకే సువార్తను పీల్చుకొని పాటగా వదిలారు. అందుకే నూట యాభై ఏళ్ళు దాటినా చావు ఇంట్లో ఆ కీర్తన ఎత్తితే ఏడుపు దానంతట అదే వస్తుంది. మన తెలుగు గొంతు దుఃఖంలో ఎటు వంగుతుందో ఆ రాగం అటే వంగుతుంది.

మాకు అర్థమైనంతలో పాట మన గుండెను మూడు దారుల్లో చేరుతుంది. మొదటిది ఊపిరి. జోలపాట ఉయ్యాల ఊగినంత మెల్లగా ఉంటుంది, బిడ్డ ఊపిరి దానితో కలిసి నెమ్మదిస్తుంది. నాటు వేసేటప్పుడు ఒకామె ఎత్తుకుంటే వరుసలో ఉన్నవారంతా అందుకుంటారు, చేయి వంగే లెక్క, పాట విరుపు ఒకటవుతాయి, నడుము నొప్పి కాసేపు మరుగవుతుంది. రెండోది మాట. మన నోటి మాట అయితే లోపలికి పోతుంది, అరువు మాట అయితే చెవి దగ్గరే ఆగుతుంది. మూడోది జ్ఞాపకం. ఆ పాటను మొదట ఎవరి ఒడిలో విన్నాము, ఎవరి శవం పక్కన విన్నాము అన్నది. మొదటి రెండూ పాట కట్టినవాడి చేతిలో ఉంటాయి. మూడోది వినేవాడి బతుకులో ఉంటుంది. మన పెద్దాయన లేచిపోవడానికి కారణం ఈ మూడోదే.

తాతలు డప్పు ఎందుకు దింపారు

చౌదరి గారి కీర్తనలు ఎంత గొప్పవైనా ఒక్క మాట దాచకుండా చెప్పుకోవాలి. ఆ పాటల్లో ఉన్నది ఆయన పుట్టిన వాడ గాలి. మన తాతలు పుట్టిన వాడ గాలి వేరు. వారి సంగీతం డప్పు.

డప్పు గురించి మన పిల్లలకు తెలియాలి. గుండ్రని చెక్క చట్రానికి బిగించిన తోలు అది. వాయించే ముందు మంట దగ్గర కాచాలి, అప్పుడే తోలు బిగిసి గొంతు తెరుచుకుంటుంది. ఒక చేతిలో సిర్ర, ఒక చేతిలో సన్నని పుల్ల. పెళ్ళికి ఒక దెబ్బ, చావుకు ఒక దెబ్బ, జాతరకు ఒక దెబ్బ, చాటింపుకు ఒక దెబ్బ. పొలంలో ఉన్న మనిషి తల ఎత్తకుండానే ఊళ్ళో ఏం జరిగిందో చెప్పగలడు. ఇంత విద్య చేతిలో ఉన్నవాడిని ఊరు ఊరి బయటే ఉంచింది. పిలిచినప్పుడు రావాలి, కొట్టమన్నంతసేపు కొట్టాలి, పెట్టింది తీసుకొని పోవాలి. నిజాము కాలంలో మన తెలంగాణలో దాని పేరు వెట్టి.

కోస్తాలో ఒంగోలు ప్రాంతపు చరిత్ర చదివితే ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1866లో అక్కడికి వచ్చిన జాన్ క్లౌ దొరగారి కాలంలో, మాదిగ వాడ నుంచి యెర్రగుంట్ల పేరయ్య గారు మొదట ప్రభువును నమ్మి తన జనానికి సువార్త చెప్పారు. 1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు. క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువ తవ్వే పనిలో కొంత భాగం గుత్తకు తీసుకొని వేల మందికి కూలి చూపించారు. కరువు తగ్గాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ సంఖ్యను మేమందరం ప్రసంగాల్లో గర్వంగా చెప్పుకుంటాము. ఆ జనం ఆ తరువాత చెల్లించిన వెల గురించి అంతగా చెప్పుకోము. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు అన్న మాటలకు వారు కట్టుబడ్డారు. దానితో జాతరల్లో డప్పు కొట్టము అన్నారు. అందుకు బావులు మూశారు, పనులు ఆపారు, కొట్టారు.

కాబట్టి యువకులారా, వినండి. మన తాతలు డప్పు దింపింది సంగీతం తెలియక కాదు. మిషనరీ దొర గుడిలో పెద్ద వాద్యపు పెట్టె చూసి మోజుపడీ కాదు. పిలవగానే పరుగెత్తే చేతులను వారు ఆపుకున్నారు. ఆ డప్పు దింపడం వారి మొదటి విశ్వాస ప్రమాణం. పెద్దలారా, మీరూ వినండి. వారు దింపింది వెట్టిని. తోలును, చెక్కను దేవుడు ఎన్నడూ అపవిత్రమని చెప్పలేదు.

అక్కడ లాక్కున్నారు, ఇక్కడ మోయించారు

సముద్రాల అవతల జరిగిన ఒక సంగతి దీని పక్కన పెట్టి చూడండి. అమెరికాలోని సౌత్ కరోలినాలో 1739లో ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు తిరగబడ్డారు. వాళ్ళు డోళ్ళు కొట్టుకుంటూ తమవారిని పోగు చేశారు. మరుసటి ఏడు, 1740లో, అక్కడి ప్రభుత్వం చట్టం చేసి బానిసలు డోలు వాయించకూడదని నిషేధించింది. యజమానులు డోలు లాక్కున్నారు. ఆ జనం చేతులతో చప్పట్లు కొట్టారు, కాళ్ళతో నేలను డోలు చేశారు, దాని మీద మోషే కథను, యొర్దాను నదిని పాటలుగా కట్టారు. బానిసత్వం పోయాక 1871లో నాష్‌విల్‌లోని ఫిస్క్ పాఠశాల విద్యార్థులు, చాలామంది బానిసలుగా పుట్టినవారే, అప్పుల్లో ఉన్న తమ బడిని నిలబెట్టుకోవడానికి బయలుదేరి ఆ పాటలు ఊరూరా పాడి లోకానికి వినిపించారు.

అక్కడ యజమాని డోలు లాక్కున్నాడు. ఇక్కడ యజమాని డోలు మోయించాడు. అక్కడ వాయించడం తిరుగుబాటు అయింది, ఇక్కడ వాయించకపోవడం తిరుగుబాటు అయింది. వాద్యం ఒకటే, వాయించమన్నది ఎవరు అన్నదే తేడా.

ఇదంతా చదివాక నిర్గమకాండము 15వ అధ్యాయం మాకు కొత్తగా కనిపించింది. ఎర్ర సముద్రం దాటగానే మిర్యాము చేతిలోకి తీసుకున్నదాన్ని మన తెలుగు బైబిలు తంబుర అంటుంది. తంబుర అనగానే మనకు తీగెల వాద్యం మనసులో మెదులుతుంది. హెబ్రీలో ఉన్న మాట "తోఫ్". అది గుండ్రని చట్రానికి బిగించిన తోలు వాద్యం. అంటే మన డప్పుకు దగ్గరి చుట్టం. ఇటుకలు కోసిన బానిస స్త్రీలు, ఫరో రథాలు మునిగిన ఒడ్డున నిలబడి, తోలు వాద్యం మోగించారు. ఈసారి పిలిచినవాడు ఎవడూ లేడు. విడిపించినవాడు ఉన్నాడు.

మన తెలుగు నేల మీదా డప్పు గొంతు మారుతూ వచ్చింది. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో జనం దొర మీద కట్టుకున్న పాటలు పల్లె గొంతులోంచే పుట్టాయి. ఆనాటి బండి యాదగిరి పాటను 1979లో "మా భూమి" సినిమాలో గద్దర్ గారు పాడితే కొత్త తరం మళ్ళీ అందుకుంది. 1994లో మాదిగల హక్కుల ఉద్యమం పుట్టినప్పుడు జనం దానికి పెట్టుకున్న పేరే దండోరా. తెలంగాణ ఉద్యమంలో డప్పు లేని సభ లేదు. తలవంచుకొని మోసిన వాద్యాన్ని తల ఎత్తి వాయించారు. వారి దారులన్నిటితో మనం ఏకీభవించనక్కరలేదు. మన తాతల వాద్యానికి వారు గౌరవం తిరిగి తెచ్చారని మాత్రం ఒప్పుకోవాలి.

పొలం పోతే పాట ఎటు పోతుంది

ఇప్పుడు మన చుట్టూ చూద్దాము. 2008 మార్చి 23న మన పక్కన విమానాశ్రయం నడవడం మొదలైంది. సుమారు 5,500 ఎకరాల నేల అది. అంతకు ముందు ఆ నేలలో చేలున్నాయి, తోటలున్నాయి, పశువుల బాటలున్నాయి. ఇప్పుడు అక్కడ మన పిల్లలకు పనులున్నాయి. సామాన్లు మోసేవారు, అద్దాలు తుడిచేవారు, క్యాబులు నడిపేవారు, కాపలా కాసేవారు, కౌంటర్లలో కూర్చొనేవారు. ఆ జీతాలతోనే మన మందిరానికి పైకప్పు పడింది. మేము కృతజ్ఞత లేనివారం కాము.

కానీ నాటు లేని ఊళ్ళో నాటు పాట ఉండదు. విసురురాయి లేని ఇంట్లో విసిరే పాట ఉండదు. మన పెద్దమ్మల నోట ఉన్న పాటలు వారితోనే సమాధిలోకి పోతున్నాయి. గోరటి వెంకన్న గారు పల్లె కన్నీటి మీద పాట కట్టినప్పుడు, 2002లో "కుబుసం" సినిమాలో అది విన్నవారు ఊరు ఊరంతా ఏడ్చారు. కుమ్మరి, కమ్మరి, సాలె, అందరి బతుకులూ అందులో ఉన్నాయి. వారిది నాగర్‌కర్నూలు వైపు నేల, మనకు దూరం కాదు. ఆ పాటలో తమ ఊరు ఉంది కనుకనే జనం ఏడ్చారు.

మరి మన ఆరాధనలో మన ఊరు ఎక్కడుంది? యూట్యూబులో వచ్చిన ట్రాకు పెట్టి పాడుతున్నాము. అవి చెడ్డ పాటలని మేము అనము. వాటిని కట్టినవారు తమ చుట్టూ ఉన్నది రాశారు. నగరపు ఒంటరితనం, ఆసుపత్రి భయం, అప్పుల బరువు, అవీ నిజాలే. కానీ రాత్రి డ్యూటీ దిగి తెల్లవారుజామున షేర్ ఆటోలో ఊగుతూ వచ్చే మన అక్క ప్రార్థన ఏ పాటలో ఉంది? తన తాత దున్నిన నేల మీద విమానం దిగుతుంటే ఆ విమానం సామాన్లు దించే తమ్ముడి మనసు ఏ కీర్తనలో ఉంది? లేవీయులు గానుగ వరుసను మందిరంలోకి తెచ్చారు. పాస్సౌ ఖైదీలు చెర గదిని పాట చేశారు. చౌదరి గారు తన ఇంటి రాగాన్ని ప్రభువు పాదాల దగ్గర పెట్టారు. మనం ఏం తెస్తాము?

ఆ సాయంత్రం తరువాత

మేము ఆ యువకుడికి పెద్దాయన సంగతి చెప్పాము. అతనికి నోట మాట రాలేదు. మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక తనే పెద్దాయన దగ్గరికి వెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. మేమూ పక్కనే ఉన్నాము.

"నాకు తెల్వదు తాతా. తెలిస్తే తెచ్చేటోన్ని కాదు" అన్నాడు.

పెద్దాయన అతని చేతులు పట్టుకొని తిప్పి చూశారు. ట్రాలీలు నెట్టి కాయలు కాసిన చేతులు అవి.

"నిన్ను ఎవలు రమ్మన్నరు బిడ్డా, కొట్టుమని?"

"ఎవలు రమ్మనలే తాతా. దేవునికి మంచిగుంటదని నేనే తెచ్చిన."

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. పైనుంచి విమానం ఒకటి దిగి పోయింది. ఆ మోత తగ్గాక అన్నారు: "అట్లయితే అది వేరే. ఈసారి నాకు ముందుగాల చెప్పి కొట్టు."

అంతే. ఆయన సంతోషంగా ఒప్పుకున్నారని మేము రాయలేము. ఆ గాయం ఒక్క మాటతో మానేది కాదు. కానీ తలుపు మూయలేదు.

అందుకని మీ ముందు రెండు మనవులు పెడుతున్నాము. మొదటిది, రాబోయే కోత పండుగ నాడు డప్పు కంటే ముందు కథ వినాలి. మన పెద్దాయన ఒప్పుకుంటే తన తండ్రి డప్పును దూలానికి ఎందుకు కట్టాడో సంఘం ముందు చెబుతారు. విన్న తరువాత ఆయన సరేనంటేనే డప్పు మోగుతుంది. ఆయన వద్దంటే ఆ ఏడాదికి మన చప్పట్లు చాలు. రెండోది, మీ ఇంట్లో అమ్మమ్మ, నాయనమ్మ ఉంటే ఈ వారమే వారి పక్కన కూర్చొని ఫోనులో వారి పాటలు పట్టండి. నాటు పాట, విసుర్రాయి పాట, జోలపాట, ఏదైనా సరే. ఆ వరుసల్లో మన బతుకును, మన ప్రభువు కృపను పెట్టి పాడగలవారు మీలో ఉన్నారని మేము నమ్ముతున్నాము.

ప్రార్థించుకుందాము. బానిసల చేతులను విడిపించిన దేవా, మా తాతలు నీ కోసం దింపిన దానిని నీవు చూశావు. మా పిల్లలు నీ కోసం ఎత్తుకుంటున్న దానినీ చూడుము. ఒకరి పాట ఒకరికి గాయం కాకుండా మమ్మల్ని కాపాడుము. మా నేల, మా పని, మా కన్నీరు నీ సన్నిధిలో పాటగా మారునట్లు కృప దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.